కాగితంలో దొరికిన బండి

పది పాయింట్ ఆరు. పది పాయింట్ నాలుగు. పది పాయింట్ అయిదు.

పొద్దున తీసిన ఆ మూడు టైములనూ ఎక్కం అప్పజెప్పినట్టు పైకే గొణుక్కుంటూ సెకన్లమ్మ మోటార్‌సైకిళ్ళ ట్యూనింగ్ షాపులో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతోంది. ఇరవై రెండేళ్ళు రేస్ ట్రాక్ మీద టైమ్‌కీపర్‌గా చేసి, ఆ తర్వాత ప్రైవేట్ డిటెక్టివ్ అయిన మనిషి. ఆమె అసలు పేరు జనం ఎప్పుడో మరిచిపోయారు. కాలికి చక్రాలు కట్టుకుని పుట్టిందని తెలిసినవాళ్ళంటారు. ఈరోజు ఆ చక్రాలకు బ్రేకులు కూడా లేవు. గోడ గడియారం రెండుంబావు చూపిస్తోంది. అయిదింటికి కోర్టు లేస్తుంది. ఈలోగా గట్టి ఆధారం ఒకటి చేతికి రాకపోతే ఒక మనిషి మీద హత్యానేరం ఖాయమైపోతుంది.

"కాస్త కూర్చో అమ్మాయ్. నిన్ను చూస్తుంటే నాకే కళ్ళు తిరుగుతున్నాయి," అంది మూలనున్న టైర్ల దొంతర మీద కూర్చున్న పెద్దావిడ.

ఈ కేసు ఒప్పజెప్పింది ఆవిడే. లాకప్పులో ఉన్నది ఆవిడ అల్లుడు. మందుల షాపులకు మోటార్‌సైకిల్ మీద సరుకు చేరవేస్తుంటాడు. అల్లుడంటే ఆవిడకు ఏమంత మోజు లేదు. ఆ సంగతి దాచుకోనూ లేదు. "చేతకానివాడే గానీ చంపేవాడు కాదమ్మా. అతనికి అంత వేగమే ఉంటే తన పెళ్ళికి తను గంట ఆలస్యంగా ఎందుకొస్తాడు?" అని మొదటిరోజే చెప్పింది.

చనిపోయినావిడ వాహనాల ఫిట్‌నెస్ తనిఖీ చేసే అధికారిణి. పద్దెనిమిది రోజుల కిందట మిట్టమధ్యాహ్నం, గోడౌన్ల రోడ్డు మీద, లారీలు తూచే వేబ్రిడ్జి ఆఫీసులోంచి బయటికొచ్చి రోడ్డు దాటుతుంటే ఒక నల్లబండి గుద్ది, ఆగకుండా పోయింది. పొరపాటున తగిలిందనడానికి లేదు. పెట్రోల్ బంకు కెమెరాలో ఆ బండి పదకొండు నిమిషాలపాటు ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంది. నంబరు ప్లేటు మీద మట్టి. నడిపేవాడి తలకు హెల్మెట్. ఆవిడ మెట్లు దిగగానే బాణంలా దూసుకెళ్ళింది. బంకు నుంచి వేబ్రిడ్జి కెమెరా వరకు సరిగ్గా రెండు వందల మీటర్లు. బంకుదీ వేబ్రిడ్జిదీ యజమాని ఒకడే, రెండు కెమెరాలకూ గడియారం ఒకటే. నిలబడ్డచోటు నుంచి అక్కడికి బండి తీసుకున్న సమయం తొమ్మిది పాయింట్ ఒక్క సెకను.

అల్లుడిదీ అదే మోడల్, అదే నలుపు. అంతకు వారం ముందే ఆ అధికారిణి అతని బండి కాగితాలు రద్దు చేసింది. "మీ సంగతి చూస్తాను" అని అతను పదిమందిలో అరిచాడు కూడా. ఇన్‌స్పెక్టర్‌కు అది చాలు. మొదలుపెట్టిన కేసును నెల తిరిగేలోపు మూసేస్తాడని ఆయనకు ఫైలుమూత అని పేరు.

ఆ ఫైలుమూత ఇప్పుడు షాపు మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"పొద్దున గోడౌన్ల రోడ్డులో సర్కస్ చేశారట?"

"సర్కస్ కాదు. అదే మోడల్ కొత్తబండి తెచ్చి, రేసులు నడిపేవాణ్ణి ఎక్కించి, అదే రెండు వందల మీటర్లు మూడుసార్లు కొలిచాను. ఎంత విరగదీసినా పది పాయింట్ నాలుగు సెకన్లకు తగ్గలేదు."

"మీరు కొలిచింది కొత్తబండి. గుద్దింది ముద్దాయి బండి. దాన్ని వీడు బాగా సానబెట్టుకున్నాడు. ఇదిగో, రిపోర్టు." జేబులోంచి మడత కాగితం తీసి ఆమె ముఖం ముందు ఊపాడు. "ఈ షాపులోనే, బలం కొలిచే ఈ మెషిన్ మీదే, చక్రం దగ్గర ముప్పై ఎనిమిది హార్స్‌పవర్లు. అంత బలమున్న బండికి తొమ్మిది సెకన్లు ఒక లెక్కా? అయినా ఏముందండీ తేడా, ఒకటింబావు సెకను! నేను తుమ్మడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది."

"మీరు తుమ్మేలోపు బండి నలభై మీటర్లు పోతుంది ఇన్‌స్పెక్టర్ గారూ. ఆ రోజు గుద్దింది ఈ బండే అయితే, ఆవిడ రోడ్డు దాటి అవతల నిలబడి మనకు సాక్ష్యం చెబుతుండేది."

టైర్ల మీది పెద్దావిడ "అదీ!" అంది. ఇన్‌స్పెక్టర్ అటు కళ్ళెర్రజేశాడు. ఆవిడ చీర కొంగు సర్దుకుని నింపాదిగా ఇటు చూసింది.

మళ్ళీ పరీక్ష చేయించమని కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకోవడానికి సెకన్లమ్మకు పన్నెండు రోజులు పట్టింది. అదీ ఇన్‌స్పెక్టర్ ఎదుటే, ఇదే మెషిన్ మీదే, సీటు మీదుగా ఇంజిన్‌కు తీగ చుట్టి వేసిన సీలు ఊడకుండా. స్టేషన్ నుంచి బండిని వ్యానులో తెచ్చారు. వెనకాలే ఇన్‌స్పెక్టర్ జీపు వచ్చింది. జీపు డ్రైవరే దగ్గరుండి బండి దింపించాడు. గుబురు మీసాల మనిషి. ఇప్పుడు షట్టర్ దగ్గర గోడకు ఆనుకుని నిలబడి తాళంచెవి రింగును వేలి మీద గిరగిరా తిప్పుతున్నాడు.

"కానివ్వండి మాస్టర్," అంది సెకన్లమ్మ.

మాస్టర్ అంటే ఆ షాపు యజమాని. బండ్లను ట్యూన్ చేయడంలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. ఇందాకటి నుంచీ ఆయన నుదుటి మీద చెమట ఆరడం లేదు. అది ఎండవేడి చెమటలా లేదు.

ఆయన బండి వెనకచక్రాన్ని నేలలో బిగించిన పెద్ద ఇనుప రోలర్ మీదికి ఎక్కించాడు. ముందుచక్రాన్ని దవడల మధ్య బిగించి, నాలుగువైపులా పట్టీలు లాగికట్టాడు. రోడ్డు కదలదు, బండి కదలదు, రోలర్ మాత్రం తిరుగుతుంది. ఆ బరువును ఇంజిన్ ఎంత త్వరగా పరుగెత్తించిందో చూసి, చక్రం దగ్గర బలం ఎంతో కంప్యూటర్ లెక్కగట్టి గీత గీస్తుంది. దాన్నే డైనో అంటారు. పై గేరు వేసి మాస్టర్ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాడు. షాపు దద్దరిల్లింది. పెద్దావిడ రెండు చెవులూ మూసుకుంది. మోత పైపైకి ఎక్కి, ఒక్కసారిగా తడబడి, టపటపమంటూ తెగింది.

"నిమిషానికి తొమ్మిదిన్నర వేల చుట్ల దగ్గర కట్ అయిపోతుంది. కంపెనీవాళ్ళు పెట్టిన హద్దు. ఇంజిన్ అంతకన్నా తిరగకూడదని," అన్నాడు మాస్టర్, స్క్రీన్ వైపు చూడకుండానే.

స్క్రీన్ మీద ఇరవై రెండు పాయింట్ ఆరు అని వచ్చింది.

"ఇంకోసారి."

ఇరవై రెండు పాయింట్ నాలుగు.

"ఇంకోసారి."

"ఎన్నిసార్లండీ?" విసుక్కున్నాడు ఇన్‌స్పెక్టర్.

సెకన్లమ్మ స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. ఒకనాడు ట్రాక్ మీద ఆమె బొటనవేలు సెకనులో అయిదోవంతు ఆలస్యంగా మీటను నొక్కింది. ఆ పొరపాటుకు గెలిచినవాడు ఓడిపోయి, మళ్ళీ బండి ఎక్కలేదు. ఆ రోజు నుంచీ ఒక్క అంకెను ఆమె ఎప్పుడూ నమ్మలేదు. మూడోసారి మళ్ళీ ఇరవై రెండు పాయింట్ ఆరే వచ్చింది. అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు.

"చూశారుగా. మీ కాగితంలో ముప్పై ఎనిమిది. కళ్ళముందు ఇరవై రెండున్నర."

ఇన్‌స్పెక్టర్ తొణకలేదు. "ఈ బండ్లలో కంప్యూటర్ ఉంటుంది. నేరం చేసేటప్పుడు ఒక ప్రోగ్రాం, తర్వాత ఇంకో ప్రోగ్రాం. ఎవడో మార్చేసి ఉంటాడు."

"ఎవడు? ఎప్పుడు? గుద్దిన రెండు గంటల్లోనే బండి పట్టుకున్నారు. సీలు మీరే వేశారు. మీ మొదటి పరీక్ష మూడోరోజు. ఇవాళ పద్దెనిమిదో రోజు. అదే సీలు, అదే సంతకం. మధ్యలో మార్చారంటే మీ స్టేషన్‌లోనే మార్చాలి. మార్చలేదంటే మొదటి కాగితం అబద్ధం. రెండింట్లో ఏది కావాలో మీరే ఏరుకోండి."

ఇన్‌స్పెక్టర్ ముఖం జేవురించింది. "మాటలు జాగ్రత్త!"

"కాగితం ఇలా ఇవ్వండి."

ఆయన ఇవ్వలేదు. ఆమె చెయ్యి చాపే ఉంచింది. కోర్టు ఉత్తర్వులో ఆ మాట కూడా ఉందని ఇద్దరికీ తెలుసు. చివరికి కాగితం చేతులు మారింది.

సెకన్లమ్మ దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. పైన ముద్దాయి బండి నంబరు, తేదీ, సమయం మధ్యాహ్నం మూడూ ఇరవై. కింద కొండ ఎక్కినట్టు పైకి లేచిన ఎర్ర గీత. గీత చివర వేలు ఆనించి అడ్డంగా లాగి, అడుగున ఉన్న అంకె చదివింది. పదకొండు వేల నాలుగు వందలు.

"మాస్టర్, ఈ ఇంజిన్ తొమ్మిదిన్నర వేల దగ్గరే ఆగిపోతుందన్నారు. మరి ఈ గీత పదకొండు వేలు దాటి ఎక్కడికి పోతోంది?"

మాస్టర్ నుదురు తుడుచుకున్నాడు. "అదే... సార్ చెప్పినట్టు ప్రోగ్రాం..."

"సరే, ప్రోగ్రామే అనుకుందాం. గోడకు ఆ తెల్లడబ్బా ఏమిటి?"

"గాలి కొలిచేది మేడమ్. చల్లగాలిలో ఏ ఇంజిన్‌కైనా బలం ఎక్కువ చూపిస్తుంది, వేడిగాలిలో తక్కువ. అందుకని ప్రతి పరీక్షకీ గదిలో వేడి ఎంత, తేమ ఎంత అన్నది కాగితం అడుగున..." అని ఆయన మధ్యలోనే ఆగిపోయాడు. తను ఏం చెబుతున్నాడో అప్పుడే తెలిసినట్టుంది.

"అడుగున తనంతట తనే రాసుకుంటుంది. మనం మార్చగలమా?"

"...కుదరదు."

"ఇప్పుడెంత ఉంది, స్క్రీన్ మీద చదవండి."

"ముప్పై ఎనిమిది డిగ్రీలు. తేమ ఇరవై నాలుగు."

"మూడు వారాలుగా ఇదే ఎండ. మధ్యాహ్నం పూట నేల మీద కాలు పెట్టలేం. ఇన్‌స్పెక్టర్ గారూ, మీ కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాలున్నాయి. కళ్ళజోడు పెట్టుకుని మీరే చదవండి."

ఇన్‌స్పెక్టర్ కాగితం లాక్కుని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. పెదాలు కదిలిస్తూ తనలోనే చదువుకున్నాడు.

"పైకి చదువు బాబూ, నాకూ వినాలనుంది," అంది పెద్దావిడ.

"పంతొమ్మిది డిగ్రీలు," అన్నాడు ఆయన. గొంతులో ఇందాకటి బిగువు లేదు. "తేమ తొంభై ఒకటి."

"ఎండాకాలం మధ్యాహ్నం మూడింటికి, ఈ రేకుల షెడ్డులో, పంతొమ్మిది డిగ్రీలు! ఇది చలికాలం పొద్దున ఎప్పుడో తీసిన గీత. పైన నంబరు, తేదీ మార్చారు. అడుగున గాలిని మార్చడం ఎవరి తరమూ కాలేదు. మాస్టర్, ఇది ఎవరి బండి?"

మాస్టర్ స్టూలు మీద కూలబడ్డాడు. "నాకేం తెలియదు మేడమ్. ఆ రోజు ఈ బండిని అసలు మెషిన్ మీదికి ఎక్కించనే లేదు. పైవాళ్ళకు కాగితం కావాలన్నారు. ముప్పై అయిదుకు తగ్గకూడదన్నారు. ఈ మోడల్‌లో అంత బలమున్నది నా చేతిమీదుగా ఒక్కటే పోయింది. ఇంజిన్ విప్పి, పిస్టన్ మార్చి, రెండు నెలలు కూర్చుని నేనే తయారుచేశాను. దాని గీతే తీసి ఇచ్చేశాను. ఆ బండి నంబరు, ఛాసిస్ నంబరు, తెచ్చినవాళ్ళ సంతకం అన్నీ నా చేతిపుస్తకంలో ఉన్నాయి. పుస్తకం ఇంట్లో ఉంది. అబద్ధమైతే తెప్పించి చూడండి."

షట్టర్ దగ్గర తాళంచెవి గలగల ఆగింది. ఎవరూ అటు చూడలేదు.

సెకన్లమ్మ రెండడుగుల్లో మాస్టర్ ముందుకొచ్చింది. ఆమె బుర్రలో అంకెలు ఒకదాన్నొకటి తరుముతున్నాయి. ముప్పై ఎనిమిది హార్స్‌పవర్లు. రెండు వందల మీటర్లు. తొమ్మిది పాయింట్ ఒకటి.

"ఏమయ్యా, ఈ మోడల్ బండి తొమ్మిది సెకన్లలో ఆ దూరం పోవాలంటే ముప్పై అయిదు పైన ఉండాలి. అంత బలమున్నది ఊళ్ళో ఒక్కటే అని నువ్వే అంటున్నావు. అంటే ఏమిటి దానర్థం? ఈ అమాయకుణ్ణి ఇరికించడానికి నువ్విచ్చిన కాగితంలోనే అసలు హంతకుడి బండి ఉంది!"

"కాదు మేడమ్, అది కుదరదు!" మాస్టర్ చేతులు అడ్డంగా ఊపాడు. "ఆ బండి బయట లేదు. రోడ్ల మీద పందేలు వేస్తున్నారని రెండు నెలల కిందటే పట్టుకుపోయారు. ఈ సార్ స్టేషన్ ఆవరణలోనే ఉంది, టార్పాలిన్ కింద."

ఇందాకటి నుంచీ మోగుతున్న గాలి కంప్రెసర్ దానంతటదే ఆగింది. ఇంత మోత మధ్య మాట్లాడుకుంటున్నామని అప్పుడే తెలిసింది అందరికీ.

ఇన్‌స్పెక్టర్ మాస్టర్ కాలర్ పట్టుకున్నాడు. "నేనెప్పుడడిగాను నిన్ను దొంగ కాగితం? నా పేరు చెప్పి నన్నే ముంచుతావా?"

"మీరు కాదు సార్! మీ డ్రైవర్! మీరు పంపారని చెప్పాడు. ఇవ్వకపోతే పందెం బండ్లు తయారుచేస్తున్నావని షాపు మూయిస్తారన్నాడు. నా పుస్తకంలో సంతకం పెట్టి కాగితం తీసుకెళ్ళింది కూడా అతనే."

కాలర్ పట్టిన చెయ్యి దానంతటదే వదులైంది.

"పట్టుకొచ్చిన బండ్ల తాళాలు ఎక్కడుంటాయి?" అడిగింది సెకన్లమ్మ.

"నా టేబుల్ సొరుగులో."

"సొరుగు తాళం?"

"నా దగ్గర ఒకటి." ఆయన మాట మెల్లగా వచ్చింది. "డ్రైవర్ దగ్గర ఒకటి."

"చనిపోయినావిడ మీ స్టేషన్‌కు ఎప్పుడైనా వచ్చిందా?"

ఇన్‌స్పెక్టర్ కళ్ళు మూసి తెరిచాడు. "చనిపోవడానికి నాలుగు రోజుల ముందు. పట్టుకొచ్చిన బండ్ల లిస్టు సరిచూడాలంది. కొన్నింటికి ఇంజిన్లు మారాయని, సామాన్లు మాయమవుతున్నాయని అనుమానంగా ఉందంది. నాకు పనుండి... డ్రైవర్‌ను తోడిచ్చి పంపాను. ఆవరణంతా వాడే తిప్పి చూపించాడు."

ముగ్గురూ ఒక్కసారే షట్టర్ వైపు తిరిగారు. గోడ దగ్గర ఎవరూ లేరు. బయట జీపూ లేదు. నేల మీద టైరు గీసిన గుర్తు మాత్రం ఉంది.

"మీసాలాయన పోయి అయిదారు నిమిషాలవుతోంది," అంది పెద్దావిడ. "పుస్తకం ఇంట్లో ఉందని ఈయన అనగానే కదిలాడు. మీరు పంపారేమో అనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోన్ చెవికి ఆనించాడు. స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ పరుగున వెళ్ళి చూసి వచ్చినట్టున్నాడు. అతని రొప్పు ఇవతలికి కూడా వినిపించింది. బండి ఉంది సార్, టార్పాలిన్ కిందే. ముందు మడ్‌గార్డు కొత్తది వేసినట్టుంది సార్. కుడివైపు సిగ్నల్ లైటు పగిలి ఉంది. నంబరు ప్లేటు అంచుల్లో ఎండిన మట్టి.

ఆయన ఫోన్ దించాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మూసిన ఫైళ్ళన్నీ ఒక్కసారి తెరుచుకున్నట్టుంది ఆ ముఖం.

సరిగ్గా అప్పుడే మాస్టర్ జేబులో ఫోన్ మోగింది. పేరు చూసి, "మా ఆవిడ," అన్నాడు ఆయన. సెకన్లమ్మ చొరవగా తీసుకుని స్పీకర్ నొక్కింది.

"ఏమండీ," అంది అవతల ఆడగొంతు. "మన గేటు ముందు పోలీసు జీపు ఆగిందండీ. మీరు బండ్ల నంబర్లు రాసుకునే పుస్తకం ఇమ్మంటున్నాడు, ఇన్‌స్పెక్టర్ గారు పంపారట. నాకు కనబడట్లేదు. లోపలికొచ్చి తనే వెతుక్కుంటానంటున్నాడు. రానివ్వనా?"

"తలుపు తీయకు!" మాస్టర్ కేక పెట్టాడు. "గడియ పెట్టుకో! వంటింట్లోకి పో!"

"అదేంటండీ, అంత కంగారు? పోలీసేగా?"

ఇల్లు ఆరు కిలోమీటర్లు. ఇన్‌స్పెక్టర్ వైర్‌లెస్ జీపులోనే పోయింది. కంట్రోల్ రూముకు ఫోన్ చేస్తే దగ్గరున్న గస్తీ బండి రావడానికి ఇరవై నిమిషాలన్నారు. ఇంజిన్ విప్పని బండి షాపులో ఒక్కటి కూడా లేదు. దించి వెళ్ళిన వ్యాను ఎప్పుడో వెనక్కి పోయింది.

"గుడ్లప్పగించి చూస్తారేం?" పెద్దావిడ టైర్ల మీంచి లేచి, అప్పటికే డైనో పట్టీ బకిల్ లాగుతోంది. "మా అల్లుడి బండి లేదూ?"

"అది సీలు వేసిన బండి..." అనబోయాడు మాస్టర్.

ఇన్‌స్పెక్టర్ వంగి, తన సంతకమున్న సీలును పుటుక్కున తెంపి జేబులో వేసుకున్నాడు. "నేను వేసిందే. కోర్టుకు నేనే చెప్పుకుంటాను." రోలర్ మీంచి బండిని ఒక్క ఊపున కిందికి లాగి ఎక్కి కూర్చున్నాడు. తలెత్తి చూడకుండానే అన్నాడు. "మేడమ్, వెనక ఎక్కండి. దారి మాస్టర్‌ని ఫోన్‌లో చెప్పమనండి."

"ఫోన్ నా దగ్గరుండాలి. దారి నాకు తెలుసు. ఆయన ఇంటికి నిన్ననే ఒకసారి వెళ్ళొచ్చాను."

బండి షట్టర్ కిందినుంచి ఎండలోకి దూకింది. ఇన్‌స్పెక్టర్ ఒక్కో గేరునూ చివరి వరకు పిండుతున్నాడు. ఇంజిన్ హద్దు దగ్గర టపటపమని మొత్తుకుంటోంది. ఇంకొంచెం బలం ఉంటే బాగుండునని, పొద్దుటి నుంచి దీని బలహీనతను నిరూపించడానికి తంటాలుపడ్డ సెకన్లమ్మే పళ్ళు బిగించి కోరుకుంది. ఒక చేత్తో ఆయన భుజం పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది.

"అమ్మా, వింటున్నావా? నేను మీ ఆయన షాపు నుంచి మాట్లాడుతున్నాను. ఆ మనిషి ఏం చెప్పినా గడియ తీయకు. వస్తున్నాం. విన్నావా?"

గాలి హోరులో జవాబు తెగి తెగి వచ్చింది.

"గడియ పెట్టానండీ... ముందు తలుపుకు పెట్టాను..."

ఆ తర్వాత ఎక్కడో తలుపు కిర్రుమంది. ఆపైన ఆవిడ గొంతు ఫోన్‌కు దూరంగా, వెనక్కి తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వినిపించింది.

"మీరు పెరటివైపు నుంచి ఎలా వచ్చారు?"